జాజు పూసిన గోడ

పళ్ళెంలో జొన్నరొట్టె చల్లారిపోయింది. పక్కన పుంటికూర పప్పు మీద తెట్టు కట్టింది. ఉమాబాయి అటు చూడనే లేదు. నిన్న సాయంత్రం వాడా నుంచి ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె మంచినీళ్ళు తప్ప మరేమీ ముట్టలేదు.

"ప్రాచీ, మీ నాయనమ్మ తింటదా తినదా అడుగు," అంది నర్మద, పొయ్యి ముందు నుంచి తల తిప్పకుండా.

అత్తగారు చేయి చాపితే అందేంత దూరంలోనే గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ మాట ఆమెకు వినపడింది. వినపడాలనే నర్మద అన్నది.

"నాయనమ్మా, తింటవా?"

"ఆకలి లేదని చెప్పు మీ మమ్మీకి."

"ఆకలి లేదంట మమ్మీ."

"విన్న. నాకు చెవులున్నయ్."

ప్రాచి పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుంటూ నిట్టూర్చింది. "నీ ప్రదర్శనల అన్ని పనులు పెట్టినవ్ కదా మమ్మీ. డ్రైవరు, నర్సు, వకీలు, కరెంటు పని. పోస్ట్‌మన్ ఒక్కటి మర్చిపోయినవ్. ఫికర్ చేయకు, అది నేను ఇంట్లనే నేర్చుకుంటున్న."

ఇంకో రోజైతే ఉమాబాయి మనవరాలి మాటకు పొట్ట పట్టుకుని నవ్వేది. ఇవాళ కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. ఆ వేళ్ళ సందుల్లో జాజు మట్టి ఎరుపు ఇంకా పోలేదు.

ఆ ఎరుపు నర్మద కంట పడింది. పడగానే చూపు తిప్పుకుంది.

కైలాస్ తల తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. తల్లి ముందున్న పళ్ళెం చూశాడు, భార్య వీపు చూశాడు, తువ్వాల మంచం మీదికి విసిరేశాడు.

"ఇంక గదే నడుస్తుందా? ఒక్క గోడ కోసానికి ఇల్లంత మౌనవ్రతమా?"

"ఒక్క గోడ కాదు," అంది నర్మద. "ఆ గోడ."

ఆ గోడ సంగతి ఇంట్లో అందరికీ ఇప్పుడు తెలుసు. తెలియాల్సినప్పుడే తెలియలేదు.

గోదావరి గట్టు మీది పాత వాడాలో, ఆ పెద్ద లోగిలి ఇంట్లో, ఆడపిల్లలు చదివి ఏయే పనులు చేయొచ్చో చూపించే ప్రదర్శన పది రోజులు పెట్టుకుంటామని నర్మద వెళ్ళి అడిగినప్పుడు, ఆ వాడా ట్రస్టు పెద్ద రామదాస్ రావు ముందు కుదరదనే అన్నారు. చెక్కిన టేకు స్తంభాలు, అరిగిన రాతి మెట్లు, ఎవరో ఒకరు ఏదో ఒకటి పాడుచేస్తారని ఆయన భయం. నర్మద బడిలో డ్రాయింగు చెప్పే మనిషి. అక్కడికక్కడే కాగితం మీద గీసి చూపించింది. ఒక్క మేకు కొట్టం. ప్లైవుడ్డు వద్దు, థర్మాకోలు వద్దు, ఫ్లెక్సు వద్దు. ఇళ్ళల్లోంచి నులక మంచాలు అడిగి తెచ్చి నిలబెడతాం, అవే మా బోర్డులు. పాత చీరలతో బొంతలు కుట్టించి వెదుళ్ళకు కడతాం, అవే మా అడ్డుగోడలు. అంతా అయిపోయాక ఎవరి మంచం వాళ్ళింటికి, ఎవరి బొంత వాళ్ళింటికి. మేము వచ్చిపోయిన గుర్తు కూడా మీకు మిగలదు.

రామదాస్ రావు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ కాగితం చాలాసేపు చూశారు. తర్వాత ఆమెను లోపలి గదిలోకి తీసుకెళ్ళారు. అక్కడ గోడకు కిందుగా, మామిడి రెమ్మ మీద ఒక చిలక. ఎప్పటి బొమ్మో ఎవరికీ తెలియదు. మసి కమ్మి సగం పచ్చదనం పోయింది. ముక్కు మాత్రం ఇంకా ఎర్రగానే ఉంది.

"చిన్నప్పుడు మా ముసలి ఆజీ ఒడిలో కూసోని దీనితోనే మాట్లాడెటోణ్ణి బాయీ," అన్నారు ఆయన, మరాఠీ యాస కలిసిన తెలుగులో. "దీన్ని తడిగుడ్డతో తుడవద్దు గూడ. ఇది మంచిగుంటే పది రోజులు వాడా మీది. దీనికి ఏమన్న అయిందో, అదే దినం తాళం."

ఆ మాట నర్మద తోటి టీచర్లకు చెప్పింది. సాయానికి వచ్చిన కాలేజీ పిల్లలకు చెప్పింది. కరెంటు పనివాడికి పదే పదే చెప్పింది. బొంతలు కుట్టే అత్తగారికీ, ఆమె వెంట వచ్చే గల్లీ ఆడవాళ్ళకూ మాత్రం చెప్పలేదు. ఇంటి మనుషులకు వేరే చెప్పాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

నిన్న ఆఖరి బొంతకు ఆఖరి కుట్టు పడింది. ఆడవాళ్ళు సంబరంగా లేచారు. ఎక్కడెక్కడి ఆడపిల్లలో మొదటిసారి అడుగుపెట్టే చోటు, తమ బతుకుకు తోవ వెతుక్కునే చోటు, అలుకూ పూతా లేకుండా ఎట్లా అనుకున్నారు. దెగ్లూర్ నుంచి తెప్పించి పండగకని దాచుకున్న జాజు ఉమాబాయి ఇంటి నుంచి పట్టుకొచ్చి నీళ్ళలో కలిపింది. లోపలి గదిలో మసి పట్టిన ఆ గోడ వాళ్ళ కంటికి చావు జరిగిన ఇంటి గోడలా కనపడింది. మసి వెనక చిలక ఉందని ఎవరూ గమనించలేదు. నడుమెత్తు దాకా ఎర్రగా పూశారు. పైన సున్నంతో చుక్కలు పెట్టారు. పూస్తున్నంతసేపూ పెళ్ళిపాటలు పాడుకున్నారు.

సాయంత్రం నర్మద వెళ్ళేసరికి చిలక లేదు.

"ఇంట్ల లగ్గమైతే గోడలు గట్లనే ఇడ్సిపెడ్తమా బిడ్డా? ఎట్లున్నది?" అని ఉమాబాయి మురిసిపోతూ అడిగింది. నర్మద జవాబు చెప్పలేదు. అప్పుడు మూసుకున్న నోరు అత్తగారితో ఇంకా తెరవలేదు.

"ఎల్లుండి సోమవారం పిల్లలు అస్తున్రు," అంది ఇప్పుడు కైలాస్ వైపు తిరిగి. "బిలోలి నుంచి, దెగ్లూర్ నుంచి అస్తున్రు. వాళ్ళకేం, ఇయ్యాల కాకుంటే రేపు. సర్ఖని హాస్టల్ ఆడపొల్లలు? వాళ్ళ నాయ్నలు ఎట్ల ఒప్పుకున్నరో నీకెర్కనా? వార్డెన్ బాయి ఇంటింటికి తిరిగి బతిమిలాడింది. దహావీ క్లాసు అయిపోంగనే లగ్గాలు చేస్తమని కూసున్నోళ్ళు వాళ్ళు. ఒక్కసారి పంపుతం, మల్ల అడగొద్దన్నరు. ఆ పొల్లలు అంత దూరం బస్సుల వచ్చి, తాళం చూసి ఎన్కకు పోతే, మల్ల పంపుతరా?"

"తాళం పడ్తదని ఎవరన్నరు? రామదాస్ సర్ ఎప్పుడు అస్తుండు?"

"ఇయ్యాల్నే. పొద్దుగూకంగ."

"అయితే టైమున్నది." కైలాస్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పెళ్ళి మండపాలు కట్టే మనిషి. ఎక్కడ ఏది వంకరగా ఉన్నా అతని మెదడు ముందు పర్దా కొలతలు వేస్తుంది. "నా గోదాంల పెద్ద పర్ద ఉన్నది. ఆ గది ఈ మూల నుంచి ఆ మూల దాక అస్తది. కట్టిస్త. సర్ అస్తడు, సూస్తడు, చా తాగుతడు, పోతడు. అయిపాయె."

"దాచిపెడ్తమంటవ్."

"దాచిపెట్టుడు కాదు. కప్పుడు."

"రెండింటికి ఫరక్ ఏంది?"

"ఫరక్ ఉన్నది. ఫంక్షన్‌హాల్ ఎన్క మురికి మోరి ఉంటది. నేను పర్ద కడ్త. దాని ముంగట పిల్లను, పిలగాన్ని కూసోపెడ్తరు. మోరి సూపించి ఎవడన్న లగ్గం చేస్తడా?"

"ఇది లగ్గం కాదు."

"కాదు. లగ్గమైతే నన్ను పిలుస్తుంటివి." కైలాస్ గొంతు కొంచెం మారింది. "ఊర్ల అందరి మండపాలు నేను కడ్త. నా పెండ్లాం పెట్టే ప్రదర్శనకు నా సామాన్ వద్దు. థర్మాకోల్ వద్దన్నవ్. ఫ్లెక్స్ వద్దన్నవ్. సరే అన్న. మంచాలు నిలబెడ్తున్నరంట కదా కైలాస్‌సేఠ్, వచ్చినోళ్ళు ఎట్ల పండుకుంటరు అని మా దుకాన్ల పోరలు నవ్విన్రు. సరే అన్న. ఇప్పుడు ఒక్క పర్ద. అది గూడ వద్దా?"

నర్మద పొయ్యి మీది గిన్నె దించి పక్కన పెట్టింది.

గోడ దగ్గర నుంచి ఉమాబాయి మెల్లగా మాట వేసింది. "కైలాసూ, ఆ సార్ కాళ్ళు నేను పట్టుకుంట. తెల్వక చేసిన అంట."

"ప్రాచీ," అంది నర్మద, "కాళ్ళు పట్టుకుంటే గోడ మల్ల ఎన్కటి లెక్క అయితదా అడుగు మీ నాయనమ్మను."

ప్రాచి గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది. ఆగింది. తల్లి వైపు చూసింది.

"ఇది నేను అడుగ మమ్మీ," అంది. సైకిల్ తీసుకుని ట్యూషన్‌కు వెళ్ళిపోయింది.

ఉమాబాయి మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. పళ్ళెం మీద మూత బోర్లించి, ఎవరి వైపూ చూడకుండా పెరట్లోకి నడిచింది.

నర్మద చెంపలు మండాయి. వెనక్కి పిలుద్దామనుకుంది. ఈలోపు ఫోన్ మోగింది.

అర్పిత. ఒకప్పుడు నర్మద దగ్గర బొమ్మలు నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు హైదరాబాదులో పాత గోడల మీది బొమ్మలు బాగుచేసే పని చేస్తోంది. రాత్రి పంపిన ఫోటోలు చూసి చేసింది.

"మేడమ్, పూసినప్పుడు తగిలిన తడి తగిలింది. ఆ తర్వాత ఎవరన్న నీళ్ళు తాకిచ్చిన్రా?"

"లేదు. అట్లనే ఉన్నది."

"అయితే అట్లనే ఉండనియ్యండి. ఒక్క చుక్క గూడ వద్దు. జాజు ఆరి పైననే ఉన్నట్టు కనపడ్తుంది. పొడి కుంచెతోని కొంచెం కొంచెం దులపొచ్చు. నాకైతే చిలక కింద ఉన్నదనే అనిపిస్తుంది. నీళ్ళు తగిలిందంటే మాత్రం జాజుతోని చిలక గూడ వస్తది. నేను రాత్రి రైలెక్కుతున్న. పొద్దుగాల్ల అక్కడుంట."

ఫోన్ పెట్టేసి నర్మద నిన్నటి నుంచి మొదటిసారి ఛాతీ నిండా ఊపిరి తీసుకుంది.

"ఏమన్నది?" కైలాస్.

"చిలక ఉండొచ్చంట. నీళ్ళు మాత్రం తగలొద్దంట. ఒక్క చుక్క."

"సూడు మరి! ఒక్క రాత్రి. ఒక్క రాత్రి కప్పుదం అంటున్న నేను."

నర్మద పెరటి తలుపు వైపు చూసింది. బట్టలు పిండుతున్న చప్పుడు. ఈ మాట అత్తమ్మకు చెప్పాలి, అనుకుంది. చిలక ఉందట, తినండి అని చెప్పాలి. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ నిన్నటి నుంచి పలకని మనిషి ఇప్పుడు ఏమని మొదలుపెట్టాలి? అలవాటుగా, "ప్రాచీ, మీ నాయనమ్మకు..." అని నోరు తెరిచింది. ప్రాచి లేదు.

సాయంత్రం చెప్పొచ్చు అనుకుని సంచి తీసుకుంది.

*

మధ్యాహ్నానికి వాడా మనుషులతో నిండిపోయింది. ముందు చావడిలో తుక్కుకు వేసిన సర్కారు ఎస్టీ బస్సు డ్రైవరు సీటూ స్టీరింగూ పెట్టారు. పక్క అరలో వైర్లు సరిగ్గా కలిపితే బల్బు వెలిగే చెక్క. మెట్ల కింద మట్టి పరీక్ష చేసే గాజు గొట్టాలు. ఉమాబాయి కుట్టించిన బొంతల మధ్య నర్సు గది, అందులో బీపీ చూసే పట్టీ. నిలబెట్టిన మంచాల నులక అల్లికలో అట్టముక్కలు గుచ్చి ఉన్నాయి. ఒక్కో ముక్క మీద ఒక పని పేరు. తిప్పి చూస్తే ఆ పనికి ఏం చదవాలో, ఎక్కడ చదవాలో ఉంటుంది. ప్రతి అర ముందూ ఒకటే మాట రాసి ఉంది: ముట్టుకో, చేసి చూడు.

ఇంత పెద్ద ఇంట్లో ముట్టుకోకూడనిది ఆ ఒక్కటే, అనుకుంది నర్మద.

కైలాస్ పర్దా చుట్ట భుజాన వేసుకుని తానే వచ్చాడు. వెంట కూలీలు లేరు.

"నిన్ను ఎవరు రమ్మన్నరు?"

"ఎవ్వరు రమ్మనలేదు. గందుకే అచ్చిన." లోపలి గది గుమ్మంలో ఆగాడు. "కట్టాల్నా, వద్దా? నీ నోటితోని చెప్పు."

నర్మద కట్టు అనలేదు. వద్దనీ అనలేదు. ఆ మౌనాన్ని అతను తనకు కావలసినట్టు అర్థం చేసుకున్నాడు. గోడకు ఒక మనిషి పట్టేంత ఎడంగా వెదుళ్ళు నిలబెట్టి, ఈ మూల నుంచి ఆ మూల దాకా పర్దా బిగించాడు. ఎర్ర గోడా, తెల్ల చుక్కలూ, బావి వైపు తెరుచుకునే చిన్న తలుపూ అన్నీ దాని వెనక్కి పోయాయి.

"మేకు కొట్టలే," అన్నాడు చేతులు దులుపుకుంటూ. "సుత్లి తాడుతోనే కట్టిన. కావాలంటే సూస్కో."

ఆమె చూసింది. ముడులు ఒక్కొక్కటీ శ్రద్ధగా వేసి ఉన్నాయి. గోడను గాని, స్తంభాన్ని గాని తాకకుండా కట్టాడు. తను చెప్పినవన్నీ ఇన్నాళ్ళూ విననట్టే ఉండి విన్నాడన్నమాట. ఆమెకు ఏడుపొచ్చింది. ఈ ముడి మొదటి రోజే తను అడిగి, మరో చోట, మరో పనికి వేయించుకుని ఉంటే ఎంత బాగుండేది.

పొద్దు వాలుతుండగా ప్రాచి సైకిల్ దిగి పరుగున వచ్చింది.

"మమ్మీ, నాయనమ్మ ఇంట్ల లేదు."

"ఎటు పోతది? శనివారం కదా, మారుతి గుడికి పోయి ఉంటది," అన్నాడు కైలాస్.

"తిన్నదా?" అంది నర్మద.

"పళ్ళెం అట్లనే ఉన్నది. చెప్పులు లేవు. బకెట్ గూడ లేదు, కాళ్ళు కడుక్కుందామంటే..."

వీధి గుమ్మం ముందు కారు హారన్ మోగింది. రామదాస్ రావు అనుకున్న వేళ కంటే ముందే వచ్చారు. నర్మద పైట సర్దుకుని పరుగెత్తింది. ప్రాచి మాట సగంలోనే ఉండిపోయింది.

ఆయన ప్రతి అర దగ్గరా ఆగారు. బస్సు సీట్లో కూర్చుని స్టీరింగు తిప్పి చిన్నపిల్లాడిలా నవ్వారు. వైర్లు తప్పు కలిపి, మళ్ళీ కలిపి, బల్బు వెలిగాక చుట్టూ చూశారు, ఎవరైనా చూశారా అని. ఒక మంచం దగ్గర వంగి నులక మీద వేలు పెట్టారు.

"వా! ఛాన్ ఝాలం బాయీ. బాగ చేసిన్రు. నేను ఏమో అనుకున్న. సూడండి, మేకు జాడ ఒక్కటి లేదు."

"లేదు సర్," అంది నర్మద. ఆయన మెచ్చుకున్నకొద్దీ ఆమె చూపు లోపలి గది వైపు పోతోంది.

"సర్ఖని పిల్లలు అస్తున్నరు కదా?"

"సోమవారం పొద్దుగాల్ల సర్."

"రానియ్యండి, రానియ్యండి. వాళ్ళకు మా చిలకను నేనే సూపిస్త." ఆయన లోపలి గది వైపు నడిచారు.

కైలాస్ రెండు అంగల్లో ముందుకెళ్ళి పర్దా ముందు నిలబడ్డాడు. "సర్, దీని ఎన్క కరెంటు పని నడుస్తుంది. వైర్లు తెరిచి ఉన్నయ్. రేపు సూద్దురు."

"గోడ దగ్గర వైర్లా?" రామదాస్ రావు ముఖంలో నవ్వు తగ్గింది. నర్మద వైపు తిరిగారు. "అవునా బాయీ?"

పర్దా వెనక ఏదో చిన్న చప్పుడైంది. పావురాలు, అనుకుంది నర్మద.

ఒక్క రాత్రి. పొద్దున్నే అర్పిత వస్తుంది. అవును సర్ అంటే చాలు. ఆయన చా తాగి వెళ్ళిపోతారు. సర్ఖని పిల్లలు ఇక్కడికి వస్తారు, ముట్టుకుంటారు, చేసి చూస్తారు. ఒక్క మాట.

ఆమె కైలాస్ ముఖం చూసింది. ఎంత పెద్ద సేఠ్‌తోనైనా బేరమాడే మనిషి, ఇప్పుడు చెవులు ఎర్రబడి నేల చూస్తున్నాడు. తన కోసం అబద్ధం ఆడుతున్నాడు. అది కూడా ఆడరాక.

"లేదు సర్," అంది నర్మద. "వైర్లు లేవు."

"నర్మదా!" అన్నాడు కైలాస్ లోగొంతుకతో.

"తప్పు నాది సర్. చెప్పాల్సినోళ్ళకు నేను చెప్పలేదు. ఆ గోడకు జాజు పూసిన్రు. చిలక మీద. కానీ చిలక కింద ఉన్నదంటున్నరు సర్, పాత బొమ్మలు బాగుచేసే అమ్మాయి రేపు అస్తుంది. నీళ్ళు తగలకుంటే చాలు అన్నది. తగలలేదు. నేను సూపిస్త, మీరే సూడండి."

రామదాస్ రావు కళ్ళజోడు తీసి, ఉత్తరీయం అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు.

నర్మద పర్దా అంచు పట్టుకుని పక్కకు లాగింది.

గోడ ముందు ఉమాబాయి గొంతుక్కూర్చుని ఉంది. పక్కన ఇంటి బకెట్. బావి వైపు చిన్న తలుపు బార్లా తెరిచి ఉంది. కొంగు నడుముకు దోపుకుంది. మోచేతుల దాకా ఎర్రటి నీళ్ళు కారుతున్నాయి. రుద్దే ధ్యాసలో బయటి మాటలేవీ ఆమె చెవికెక్కినట్టు లేదు. చెమటతో తడిసిన ముఖం ఎత్తి కోడల్ని చూసింది. నిన్నటి తర్వాత మొదటిసారి, మధ్యలో ప్రాచి లేకుండా, ఆమెతోనే మాట్లాడింది.

"అయిపాయె బిడ్డా, జెర్రంతనే ఉన్నది. నేనే పూసిన, నేనే కడుగుతున్న. ఆ సార్ అచ్చేదాకల్ల ఎన్కటి లెక్క చేస్త." ఊపిరి అందక ఆగింది. "ఇగనన్న మాట్లాడుతవా నాతోని?"

నర్మద నోరు తెరిచింది. పొద్దున మింగేసిన మాట, నీళ్ళు తగలొద్దన్న మాట, ఇప్పుడు చెప్పి లాభం లేదు.

ఆమె చూపు అత్తగారి చేతిలోని గుడ్డ మీద ఆగింది. గుడ్డంతా ఎర్రగా ఉంది. ఒక్క అంచు మాత్రం పచ్చగా, చిలకపచ్చగా ఉంది.

వెనక రామదాస్ రావు తుడిచిన కళ్ళజోడు పెట్టుకుని, ఒక అడుగు ముందుకు వేశారు.